వరండా మీది కొమ్మ

ఆరోగ్యశాల తోట, పనివాళ్ళ గది
సోమవారం

వదినకు,

నేను క్షేమం, నువ్వు క్షేమమా అని రాసే ఓపిక లేదు. ముందు నా భయాలు విను. ఇక్కడ ఫోను మేనేజరుగారి గదిలో ఒక్కటే ఉంది. ఎవరైనా మాట్లాడుతుంటే ఆయన కాగితాలు చూస్తున్నట్టు నటిస్తూ చెవులు మాత్రం ఇటే పెడతాడు. అందుకే ఉత్తరం.

నీ ఉద్యోగంలో చేరి పది రోజులయింది. ఇరవై ఏళ్ళు బట్ట కత్తిరించిన దాన్ని కదా. కుట్టు ఫ్యాక్టరీ మూసేశాక, "కత్తెర పట్టిన చెయ్యి ఎక్కడైనా బతుకుతుంది, నా మణికట్టు ఇక పనికిరాదు, నా చోట నువ్వు చేరు" అని నువ్వంటే నమ్మి వచ్చాను. బట్ట కత్తెర పెట్టగానే తప్పుకుంటుంది. కొమ్మ తప్పుకోదు వదినా, ఎదురు తిరుగుతుంది.

కొట్టుగదిలో నువ్వు వదిలేసి వెళ్ళిన సామాను చూస్తే పళ్ళ డాక్టరు గదిలో కూర్చున్నట్టుంది. వంకర రంపాలు, తిన్నటి రంపాలు, పొట్టి కత్తెరలు, నా కాలంత పొడుగు పిడులున్నవి. దేనికేదో తెలియదు. చేతికి దొరికిన పొట్టిదానితో గులాబీలు కోశాను. కొమ్మ తెగలేదు, నమిలి ఉమ్మినట్టు పీచుపీచుగా నలిగింది. రోగుల్లో ఒకావిడ, అందరూ పంతులమ్మ అంటారు, కిటికీలోంచి చూసి, "మొక్క మీద పగ ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగింది. సిగ్గుతో చచ్చాను.

వానలు పడేలోపు కిటికీలకి అడ్డం వచ్చేవన్నీ తీసెయ్యమని మేనేజరుగారి ఆజ్ఞ. "పెద్ద కొమ్మలు మాత్రం ముట్టుకోకు. వచ్చే నెల తనిఖీ ఉంది. వరండాకి నీడ పోతే నా పరువు పోతుంది" అన్నాడు.

అన్నట్టు, వరండా మీదికి వంగిన ఆ పెద్ద కొమ్మ ఒకటుంది చూడు. పొద్దున్నే రోగులు కుర్చీల్లో కూర్చునే చోటికి సరిగ్గా పైన. గాలి లేకపోయినా అది మూలుగుతుంది. నాదంతా పిరికితనమే అంటావని తెలుసు, అయినా రాస్తున్నాను.

ఏ పనికి ఏది పట్టుకోవాలో రాయి. అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ మరదలు


రొట్టెల కొట్టు పైన గది
గురువారం

పిరికి మరదలికి,

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్య పొలమారేదాకా నవ్వాడు. ఎలకని చూసి కుట్టుమిషను ఎక్కిన మనిషివి, నీకు రంపం ఇవ్వడం నాదే బుద్ధి తక్కువ.

నువ్వు గులాబీ మీద వాడింది ఎండుకొమ్మల కత్తెర. అందులో పదునైన అలుగు ఒకటే ఉంటుంది. అది దిగి అడుగున ఉన్న పట్టీ మీద కూర్చుంటుంది. ఎండుపుల్లకి అది మంచిదే, పచ్చికొమ్మని మాత్రం చిదిపేస్తుంది. పచ్చిదానికి రెండో రకం కత్తెర కావాలి, సికేచరు అంటారు. రెండు అలుగులూ ఒకదాని పక్క నుంచి ఒకటి జారిపోతాయి, నీ బట్టల కత్తెరలాగే. సన్నటి అలుగు చెట్టు వైపు ఉంచు, మందపాటి కొక్కెం రాలిపోయే ముక్క వైపు. తిరగేసి పట్టావా, మిగిలే చోట నలుగుతుంది.

బొటనవేలి లావు వరకే అది. చీపురు పిడి అంతుంటే పొడుగు పిడులది తియ్యి. అంతకన్నా లావైతే వంకర రంపం. అది లాగేటప్పుడే కోస్తుంది. తోసేటప్పుడు బలం పెడితే ఒంగిపోతుంది. కత్తెర తెగకపోతే మెలితిప్పకు. మెలితిప్పాల్సి వచ్చిందంటే నీ చేతిలో ఉన్నది చిన్నదని అర్థం. ఒక మెట్టు పెద్దది తీసుకో.

నా సికేచరు నీ చేతికి పెద్దది. కొత్తది కొనిపించు. కొట్టువాడు మెరుగు చూపిస్తాడు, నువ్వు మెరుగు చూడకు. పూర్తిగా తెరిచి పట్టుకున్నప్పుడు నాలుగు వేళ్ళూ పిడి చుట్టూ అందాలి. గంట కోశాక స్ప్రింగు చేతిని అలసగొట్టకూడదు. గొళ్ళెం బొటనవేలితోనే పడాలి. పని కాగానే జిగురు తుడిచి, సానరాయి మీద ఒక పక్కే నూరు.

నిచ్చెన ఎక్కి రంపం పట్టకు. నేల మీద నిలబడితే అందేదే నీ పని.

ఆ కొమ్మ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. దాని జోలికి పోకు.

వదిన


ఆరోగ్యశాల తోట, పనివాళ్ళ గది
బుధవారం

వదినకు,

నువ్వు గెలిచావు. ఊళ్ళో ఇనపసామాను కొట్టుకి వెళ్ళాను. అతను నా ఎత్తు చూసి కూడా ఎద్దులకి కట్టే కాడిలాంటిది చేతిలో పెట్టి, "ఇది తీసుకోండమ్మా, మీ మనవరాళ్ళ దాకా వస్తుంది" అన్నాడు. "మనవరాళ్ళ చేతుల కొలత నా దగ్గర లేదు గానీ నా చేతికి సరిపడేది చూపించు" అన్నాను. ఏడు తెరిచి మూసి చూశాను. ఎనిమిదోది అరచేతిలో ఇట్టే ఒదిగింది. కిటికీల పక్క కొమ్మలన్నీ మూడు రోజుల్లో తీసేశాను. కోత అద్దంలా వస్తోంది. పంతులమ్మ, "ఇప్పుడు కాస్త ప్రేమగా కోస్తున్నావు" అంది.

ఇక అసలు సంగతి. నువ్వు జోలికి పోకు అన్నావు, పోయాను.

ఆ కొమ్మని రంపం వీపుతో తట్టి చూశాను. మిగతా చెట్టంతా ఠక్ ఠక్ అంటే, అది ఒక్కటే డబ్బా మోగినట్టు మోగింది. కొమ్మ పుట్టేచోట బెరడు రంగు కాస్త తేడాగా కనిపించి, వరండా గోడ ఎక్కి చూశాను. బెరడు కాదది. సిమెంటు. లోపల తొర్రని సిమెంటుతో పూడ్చి పైన గోధుమరంగు పూశారు. నా అరచెయ్యి రెండుసార్లు పరిస్తే గానీ అందనంత తొర్ర. సిమెంటు అంచు చుట్టూ పగులు. చిటికెన వేలు దూర్చాను, తడిగా తగిలింది. చీమలు నా వేలు మీదుగా పైకి పాకాయి. గోడ మీదినుంచి ఎలా దిగానో తెలియదు, మోకాళ్ళు రెండూ గీరుకుపోయాయి.

ఆ పగులు కింద పంతులమ్మ కుర్చీ.

ఆవిడే చెప్పింది, పోయినేడు గాలికి అదే చెట్టు నుంచి ఒక కొమ్మ విరిగి వార్డు ఆయమ్మ భుజం మీద పడిందట. ఆవిడ ఇప్పటికీ ఆ చేత్తో బకెట్టు ఎత్తలేదు. గాలి వస్తుంటే కుర్చీలు తీయలేదని గేటు కాపలా ఉండే ఆయన్ని, అందరూ గేటు మావయ్య అనేవారట, ఉద్యోగంలోంచి తీసేశారట. నువ్వు ఇవేవీ నాకెందుకు చెప్పలేదు?

ఆ సిమెంటు ఎవరు పెట్టారు వదినా? తోటలో పద్దెనిమిదేళ్ళు ఉన్నది నువ్వొక్కతివే.

నీ మరదలు


రొట్టెల కొట్టు పైన గది
శనివారం

మరదలికి,

మీ అన్నయ్య కూడా ఈ ఉత్తరాలు చదువుతాడు. ఇలాంటివి రాసి ఆయన్ని కంగారుపెట్టకు.

ప్రతి పెద్ద చెట్టుకీ తొర్ర ఉంటుంది. తొర్రకి సిమెంటు పెట్టడం పాత పద్ధతి. గోడలెక్కి వేళ్ళు దూర్చడం నీ పని కాదు. మేనేజరుగారికి ఏమీ చెప్పకు. కొత్తగా చేరిన మనిషివి, తనిఖీ ముందు లేనిపోనిది నెత్తికెత్తుకుంటే ఉద్యోగం పోతుంది.

పొడుగు కత్తెరకి నూనె వేశావా?

వదిన


ఆరోగ్యశాల తోట, పనివాళ్ళ గది
శుక్రవారం

వదినకు,

నూనె వేశాను.

నువ్వు రాసిన ఆ నాలుగు ముక్కలు పదిసార్లు చదివాను. నేను అడిగినదానికి జవాబు అందులో లేదు. నీ ఎకసెక్కం కూడా లేదు. నన్ను పిరికిదానా అని పిలవలేదు. అప్పుడే నాకు నిజంగా భయం పట్టుకుంది.

మూడు రోజుల నుంచి గాలి తిరిగింది. పొద్దున్నే లేచి కుర్చీలన్నీ వరండా ఆ చివరికి జరుపుతున్నాను. అక్కడ ఎండ కొడుతుందని మేనేజరుగారు మళ్ళీ ఇటే వేయిస్తున్నాడు. నేను జరపడం, ఆయన జరిపించడం. నిన్న పంతులమ్మ నా కొంగు పట్టుకుని ఆపింది.

"ఎందుకమ్మా నన్ను రోజూ లేపేస్తావు? లేచి నాలుగడుగులు వేస్తే నాకు ఆయాసం వస్తుంది, నీకు తెలుసుగా?"

"ఇక్కడ చీమలున్నాయండీ" అన్నాను.

"చీమలకి ఇంత భయపడే మొహం కాదే నీది."

నోరు తెరిచాను. నీ మొహం కళ్ళముందు కనపడింది. మూసుకున్నాను. డెబ్బై ఏళ్ళ మనిషి, ఊపిరి పీల్చుకోవడానికి ఇంత దూరం వచ్చిన మనిషి, ఆవిడకి చీమల కథ చెప్పాను. ఎవరిని కాపాడుతున్నానో నాకే తెలియడం లేదు.

మేనేజరుగారితో మాత్రం చెప్పాను, సిమెంటు సంగతి ఎత్తకుండా. "సార్, ఆ కొమ్మ బోలుగా మోగుతోంది" అన్నాను. ఆయన రిజిస్టరు తీసి చూపించాడు. "చూడు, ఏటేటా 'చెట్టు గట్టిగా ఉంది' అని మీ వదినే సంతకం పెట్టింది. పద్దెనిమిదేళ్ళ అనుభవం. నీది నెల. ఎవరి మాట నమ్మమంటావు?"

నీ సంతకం చూశాను. కింద గీత గీస్తావు కదా, అదే.

రేపో ఎల్లుండో వాన దిగుతుంది. ఎవరూ కదలకపోతే రంపం తీసుకుని నేనే ఎక్కుతాను. ఎక్కడ కొయ్యాలో ఒక్కమాట రాయి. నాకు తిండి సయించడం లేదు. పళ్ళెం ముందు కూర్చున్నా చెవి చెట్టు వైపే ఉంటోంది.

మరదలు


రొట్టెల కొట్టు పైన గది
ఆదివారం

నా మరదలికి,

ఎక్కకు. ఈ ఉత్తరంలో ఇంకేదీ చదవకపోయినా ఈ ఒక్కమాట చదువు. ఎక్కకు.

సిమెంటు పెట్టింది నేనే. మూడేళ్ళయింది. వర్షాకాలం పోయాక ఆ చోట పుట్టగొడుగులు మొలిచాయి. గీకితే తొర్ర. అప్పుడే చెబితే అప్పుడే తీసేవాళ్ళు. నేను చెప్పలేదు. అంతకు ముందు ఏడు గేటు దగ్గరి చెట్టుకి పైకొమ్మలన్నీ నరికించి ఎండబెట్టేశాను. మేనేజరు నలుగురి ముందు, "ఇంకో చెట్టు చంపావంటే నువ్వు కూడా వెళ్ళిపోవచ్చు" అన్నాడు. ఆ మాటకి భయపడ్డాను. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాల్లో ఉండగా పూడ్చి రంగు వేశాను. సిమెంటు చెట్టుకి బలం ఇవ్వదని నాకు తెలుసు. లోపల తడి పట్టి ఇంకా కుళ్ళుతుందనీ తెలుసు. కనపడకుండా ఉంటే చాలనుకున్నాను. తర్వాత ప్రతి ఏడూ 'గట్టిగా ఉంది' అని రాశాను. ఒకసారి రాశాక రెండోసారి చెయ్యి వణకలేదు, అదే నాకు ఇప్పుడు భయం వేసే సంగతి.

ఆయమ్మ భుజం మీద పడింది ఆ పెద్దకొమ్మ నుంచి చీలిన రెమ్మే. విచారణలో నన్ను అడిగారు. "చెట్టులో లోపం లేదు, గాలి ఎక్కువగా వచ్చింది" అన్నాను. గాలి వస్తే కుర్చీలు తియ్యాల్సింది ఎవరు అన్నారు. గేటు మావయ్య అన్నారు ఎవరో. ఆయన నా వైపు చూశాడు. నేను నేల చూశాను. పన్నెండేళ్ళు నాతో పాటు టీ తాగిన మనిషి, సంచి భుజాన వేసుకుని గేటు తనే తెరుచుకుని వెళ్ళిపోయాడు.

నా మణికట్టుకి ఏమీ కాలేదు. ఆ చెట్టు కింద నిలబడలేక వచ్చేశాను. అంతటితో ఆగానా? నీకు పని లేదని తెలిసి నిన్ను అక్కడికి పంపాను. నా చోట మనవాళ్ళే ఉంటే ఎవరూ తవ్వరని అనుకున్నాను. ఇంత నీచంగా ఆలోచించాను. 'జోలికి పోకు' అని రాస్తే నువ్వు పోవనుకున్నాను. అంత పిరికిదానివి అని ధైర్యం.

ఈ పొద్దున కింద కొట్టులోంచి ఫోన్ చేశాను. మేనేజరు ఎత్తాడు. "ఎవరు? ఎవరండీ?" అన్నాడు. పెట్టేశాను. అందుకే రాసి పంపుతున్నాను. ఈ కవరులో ఆయనకి వేరే కాగితం ఉంది, అంతా ఉంది అందులో, కింద సంతకం పెట్టాను. ఆయన చేతిలో పెట్టు.

ఇక కొమ్మ సంగతి. నీ దగ్గరున్న ఏ పనిముట్టూ దానికి చాలదు. వంకర రంపం నీ మణికట్టు లావు వరకే. ఇది నీ నడుమంత ఉంది. దీనికి మోకులు కట్టి పై నుంచి దించే మనుషులు కావాలి. వాళ్ళొచ్చాక మూడు కోతలు పడేట్టు చూడు. మొదలుకి మూరెడు దూరంలో కింది నుంచి మూడో వంతు. ఇంకొంచెం అవతల పై నుంచి రెండోది. బరువు దిగాక, చెట్టుకి ఆనుకుని ఉబ్బెత్తుగా ఉంటుంది చూడు, చొక్కా కాలరులా, దానికి బయట మూడోది. కాలరు కొయ్యనివ్వకు. సిమెంటు తగిలితే రంపం పళ్ళు పోతాయి, ముందే చెప్పు. అది అక్కడ ఉందని చెప్పాల్సింది నేను.

మీ అన్నయ్యకి నిన్న చెప్పాను. అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు. టీ మాత్రం పెట్టి ఇచ్చాడు.

వదిన


ఆరోగ్యశాల తోట, పనివాళ్ళ గది
శనివారం

వదినకు,

పంతులమ్మ బతికే ఉంది. అందరం బతికే ఉన్నాం. ముందు అది తెలిస్తే మిగతాది నెమ్మదిగా చదువుతావని రాస్తున్నాను.

నీ ఉత్తరం గురువారం పొద్దున అందింది. ఆకాశం అప్పటికే నల్లబడి ఉంది. చదివాక కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో చెప్పలేను. ఏడవడానికి వ్యవధి లేదు. కాగితం తీసుకుని మేనేజరుగారి గదికి పరిగెత్తాను. ఆయన మొదటి పేజీ చదివాడు, మొహం పాలిపోయింది. రెండో పేజీ మడిచి సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"తనిఖీ ఇంకో పది రోజుల్లో ఉంది. అది అయ్యాక చూద్దాం. అప్పటిదాకా నీకేమీ తెలియదు" అన్నాడు.

బయటికి వచ్చేసరికి కుర్చీలన్నీ కొమ్మ కింద ఉన్నాయి. రోగులు ఒక్కొక్కరే వస్తున్నారు. గాలి మొదలైంది. కొమ్మ మూలగడం మానేసి కిర్రుమంటోంది. వెళ్ళి పంతులమ్మ కుర్చీలో కూర్చున్నాను, ఆవిడ ఇంకా రాకముందే. రెండు చేతులూ చాచి పక్క కుర్చీలు కూడా పట్టుకున్నాను. "ఇక్కడికి ఎవరూ రావద్దు! ఈ కొమ్మ లోపల ఏమీ లేదు, పడిపోతుంది!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. అందరూ గుమ్మంలో ఆగిపోయారు.

మేనేజరుగారు పరిగెత్తుకొచ్చాడు. "లే అక్కడినుంచి. జనాన్ని హడలగొడతావా? కొమ్మకేం కాలేదు."

"ఏం కాకపోతే మీరు కూర్చోండి సార్. నేను లేస్తాను."

లేచి కుర్చీ ఆయన వైపు తిప్పాను. ఆయన రెండడుగులు వేశాడు. ఒక్కసారి పైకి చూశాడు. ఆగిపోయాడు. గుమ్మంలో పదిహేను మంది చూస్తున్నారు. పంతులమ్మ ఆయాసపడుతూనే, "కూర్చో నాయనా, నీడగా ఉంటుంది" అంది.

ఆయన కూర్చోలేదు. వెనక్కి వెళ్ళి ఫోను తీశాడు.

చెట్లు కొట్టేవాళ్ళు మధ్యాహ్నానికి వచ్చారు. వరండా ఖాళీ చేయించి తాడు కట్టాం. సిమెంటు ఎక్కడుందో నేనే సుద్దముక్కతో గీసి చూపించాను. మోకులు బిగించి, కింది నుంచి మొదటి కోత పెట్టారు. రెండో కోతకి రంపం పైన ఆనిందో లేదో, కొమ్మ దానంతటదే విరిగింది. తుపాకి పేలినట్టు శబ్దం. మోకులు పట్టి ఆపాయి, లేకపోతే వరండా పైకప్పే ఉండేది కాదు. విరిగినచోట చెక్క లేదు వదినా. తడి కాఫీపొడిలాంటిది దోసిళ్ళకొద్దీ రాలింది. మధ్యలో నీ సిమెంటు ముద్ద, పూడ్చినప్పుడు ఎలా ఉందో అలాగే, నీ తాపీ గీతలతో సహా. అది వచ్చి కుర్చీ ఉండేచోట పడి బండ పగలగొట్టింది.

పంతులమ్మ కిటికీలోంచి ఆ పగిలిన బండని చాలాసేపు చూసింది. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పుడు ఏడ్చాను.

మేనేజరుగారు నీ కాగితం సొరుగులోంచి తీశాడు, తియ్యక తప్పలేదు. తనిఖీవాళ్ళకి ఇస్తానంటున్నాడు, నేరమంతా నీదే అన్నట్టు. తన సంగతి నేను చెబుతాను, చూసినవాళ్ళు పదిహేను మంది ఉన్నారు. నీ సంగతి నువ్వు వచ్చి చెప్పాలి.

నీ మీద కోపం పోలేదు. దాస్తే పోయేది కాదు గనక రాస్తున్నాను. ఆ కొమ్మ కిందికి నువ్వు నన్ను తెలిసి పంపావు. అన్నయ్య టీ పెట్టి ఇస్తున్నాడంటే ఆయన నాకన్నా మంచివాడు.

చివరి కోత మాత్రం దగ్గరుండి చేయించాను. కాలరు చెక్కుచెదరలేదు.

మరదలు


రొట్టెల కొట్టు పైన గది
మంగళవారం

మరదలికి,

నీ ఉత్తరం మీ అన్నయ్యే చదివి వినిపించాడు. బండ పగిలిన చోటు దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

శుక్రవారం పదింటి బస్సుకి వస్తున్నాను. తనిఖీవాళ్ళు పిలిచినా పిలవకపోయినా వాళ్ళ ముందు నిలబడతాను. ఆయమ్మని కూడా కలవాలి. కానీ అన్నిటికన్నా ముందు గేటు మావయ్య ఇంటికి వెళ్ళాలి. స్టేషను వెనక సైకిళ్ళు బాగుచేసే కొట్టు మేడ మీద, వాళ్ళ అమ్మాయి దగ్గర ఉంటున్నాడట. మీ అన్నయ్య కనుక్కున్నాడు.

కోపం ఉంచుకో. పోగొట్టుకోమని అడగను. కానీ ఆ మెట్లు ఒక్కదాన్నే ఎక్కలేను. ఆయన తలుపు తీసి నన్ను చూసి ఏమంటాడో, ఏమీ అనకుండా చూస్తూ నిలబడతాడేమో, ఏది ఎక్కువ భయమో తెలియడం లేదు.

బస్సు దగ్గరికి రా. నువ్వేం మాట్లాడక్కర్లేదు. పక్కన నిలబడు చాలు. తలుపు నేనే తడతాను.

వదిన